మిద్దె మీద నుంచి చందమామ ఫోటో: రవ్వ లేకుండా తీయడం, ఎడిట్ చేయడం ఎలా?

"అన్నా, చందమామని తీస్తే ఇడ్లీలా తెల్లగా వస్తోంది. వెలుగు తగ్గించి తీస్తే నల్లగా వస్తోంది. ఎడిట్‌లో పైకి లాగితే బొంబాయి రవ్వ చల్లినట్టు అవుతోంది. ఏ యాప్ వాడమంటావు?"

ప్రతి పౌర్ణమికీ ఈ ప్రశ్న నాకు రాక తప్పడం లేదు. అడిగిన వాళ్లందరికీ విడివిడిగా చెప్పే కన్నా ఒకేసారి రాసేస్తున్నాను. యాప్ సంగతి చివర్లో వస్తుంది. ఆ రవ్వనే మనం నాయిస్ అంటాం. అందులో ముప్పాతిక భాగం మిద్దె మీదే, బటన్ నొక్కే ముందే పోవాలి. మిగిలిన పాతిక కోసమే కంప్యూటర్ ముందు కూర్చోవాలి.

నా మొదటి పాఠం 2023 ఆగస్టు 23 సాయంత్రం. శ్రీహరికోట నుంచి బయల్దేరిన చంద్రయాన్-3 ఆరు దాటి నాలుగు నిమిషాలకు దిగింది. మా వీధంతా టీవీల ముందు నుంచి లేచి మిద్దెలెక్కింది. ఆకాశంలో దాదాపు సగం చంద్రుడు. చీకటిగా ఉందనిపించి ఐఎస్ఓ (వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 1600 పెట్టి, జేపెగ్‌లో నలభై దాకా కొట్టాను. ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే అన్నిట్లోనూ రవ్వే. చుట్టూ చీకటే కానీ చంద్రుడి మీద ఉన్నది పట్టపగటి ఎండ అని ఆ రోజు నాకు తట్టలేదు. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం పని అయిపోయినట్టే.

కావాల్సినవి

మాన్యువల్ మోడ్ ఉన్న ఏ డీఎస్ఎల్ఆర్ అయినా, మిర్రర్‌లెస్ అయినా సరిపోతుంది. లెన్స్ 250 లేదా 300 మి.మీ. దాకా వెళ్లాలి. సెన్సార్ మీద చంద్రుడి బొమ్మ ఎంత ఉంటుందో తెలియాలంటే ఫోకల్ లెంగ్త్‌ని, అంటే లెన్స్ మీది మి.మీ. అంకెను, 110తో భాగించండి. 300 మి.మీ. లెన్స్‌తో వచ్చేది 2.7 మి.మీ. బిళ్ళ. 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ (చాలా మామూలు డీఎస్ఎల్ఆర్‌లలో ఉండే సెన్సార్ సైజు) కెమెరాలో అది దాదాపు 700 పిక్సెళ్ల వెడల్పు. ఫోన్‌లో చూసుకోవడానికి, చిన్న ప్రింటుకి అది చాలు. గోడంత పోస్టరు వేస్తామంటే చాలదు, ఆ ఆశ పెట్టుకోకండి.

ట్రైపాడ్ ఒకటి. లేకపోతే పిట్టగోడ మీద బియ్యం సంచి వేసి, దాంట్లో లెన్స్‌ని కూరినట్టు పెట్టండి. సన్నటి చౌక ట్రైపాడ్ కన్నా బియ్యం సంచే నయం. రిమోట్ అక్కర్లేదు, కెమెరాలోని 2 సెకన్ల టైమర్ చాలు. ఇంకా ఒక మెత్తటి గుడ్డ, దోమల మందు, మెమొరీ కార్డులో ఖాళీ. రా ఫైళ్లు (కెమెరా ఏదీ తుడవకుండా ఇచ్చే అసలు ఫైళ్లు) యాభై తీస్తే ఒకటిన్నర జీబీ దాకా పోతుంది.

ఏ రోజు, ఏ వేళ

పౌర్ణమికి తీయాలని అందరికీ సరదా. తిరుమల కొండ మీద పౌర్ణమి గరుడసేవ జరుగుతుంటే కింద తిరుపతిలో మిద్దె మీద నిండు చంద్రుణ్ణి తీయాలని నాకూ ఉంటుంది. కానీ ఆ రోజు ఎండ చంద్రుడి మీద నిట్టనిలువుగా పడుతుంది. నీడలుండవు, గుంతలు తేలవు, ఫోటో చప్పగా ఉంటుంది. గోడ మీది క్యాలెండర్‌లో తిథి చూడండి. శుక్ల సప్తమి నుంచి ఏకాదశి దాకా మేలు. వెలుగూ చీకటీ కలిసే గీత పక్కన ప్రతి గుంతకూ నీడ ఉంటుంది.

వేళ దగ్గర మన ఊళ్లో ఒక చిక్కుంది. ఏప్రిల్, మే నెలల్లో రోజంతా కాలిన సిమెంటు మిద్దె రాత్రి తొమ్మిది దాకా ఆవిరి కక్కుతూనే ఉంటుంది. ఆ వేడి గాలిలోంచి తీస్తే చంద్రుడి అంచు నీళ్లలో ఉన్నట్టు వణుకుతుంది. దాన్ని ఫోకస్ తప్పనుకుని లెన్స్‌ని తిట్టుకునే వాళ్లున్నారు. అష్టమి చంద్రుడు పొద్దు గూకే వేళకే నెత్తిన ఉండి, అర్ధరాత్రికి దిగిపోతాడు. అంటే మిద్దె చల్లారేసరికి ఆయన పడమటికి వాలిపోతాడు. అందుకని ఎండాకాలంలో ఏకాదశి, ద్వాదశి పట్టుకోండి. అప్పుడు తొమ్మిది, పది మధ్య బాగా పైన ఉంటాడు. లేదా మిద్దె దిగి మట్టి నేల మీద, చెట్ల దగ్గర నిలబడి తీయండి. మట్టి సిమెంటు కన్నా త్వరగా చల్లారుతుంది.

కనీసం ఎంత ఎత్తులో ఉండాలి? చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి ఎత్తు సుమారు 10 డిగ్రీలు. చంద్రుడు నేల నుంచి మూడు పిడికిళ్ల పైన ఉండాలి. అంతకన్నా కింద ఉంటే దుమ్ము, తేమ, వేడి అన్నీ అడ్డం. వాన వెలిసిన మర్నాటి రాత్రి గాలి కడిగినట్టుంటుంది, దాన్ని వదులుకోకండి. ఊళ్లో వీధి దీపాల గురించి మాత్రం దిగులొద్దు. నక్షత్రాలకు అవి శత్రువులే కానీ చంద్రుడికి లెక్కలోకి రావు. రేణిగుంట రోడ్డు పక్క నుంచి తీసినా, చంద్రగిరి కోట దగ్గర చీకట్లోంచి తీసినా బిళ్ళ ఒకేలా వస్తుంది.

మిద్దె మీద: తీయడం

1. గదిలో ఏసీ ఉంటే కెమెరాను అరగంట ముందే, సంచిలోనే ఉంచి, బయట పెట్టండి. చల్లటి లెన్స్ ఒక్కసారిగా ఉక్కలోకి వస్తే తడి పడుతుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది. ఆగడం తప్ప మందు లేదు.

2. లెన్స్ ముందు యూవీ ఫిల్టర్ ఉంటే విప్పేయండి. అది ఉంటే చంద్రుడి పక్కన ఇంకో మసక చంద్రుడు వస్తాడు.

3. ఫైలు రకం రా పెట్టండి. జేపెగ్‌లో కెమెరా తనకు తోచినంత నాయిస్ తుడిచి, తోచినంత షార్ప్ చేసి ఇస్తుంది. ఆ తుడిచినది వెనక్కి రాదు.

4. మాన్యువల్ మోడ్. ఐఎస్ఓ 100, ఎఫ్/8 (లెన్స్ కన్ను ఎంత తెరవాలో చెప్పే అంకె). చాలా టెలి లెన్సులు ఎఫ్/8 దగ్గరే బాగా పదునుగా ఉంటాయి. షట్టర్ నిండు చంద్రుడికి 1/200 సెకను, ద్వాదశి ప్రాంతంలో 1/100, అష్టమికి 1/50. ఇవి మొదలుపెట్టడానికే. గాలిలో దుమ్ముంటే ఇంకొంచెం ఎక్కువ కావాలి. మూడు నాలుగు రోజుల నెలవంకకు 1/25 దాకా పోవాలి. అక్కడ ట్రైపాడ్ మీద నమ్మకం లేకపోతే ఐఎస్ఓ 200 చేసి 1/50 పెట్టండి. ఐఎస్ఓ 200కి భయపడక్కర్లేదు. ఫోటో కదిలితే దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ నిలబెట్టలేదు.

5. ట్రైపాడ్ మీద పెట్టాక లెన్స్‌లోని స్టెబిలైజర్ (చేతి వణుకు తగ్గించే ఏర్పాటు) ఆపేయండి. చాలా లెన్సుల్లో, ముఖ్యంగా పాతవాటిలో, కదలిక లేని చోట అదే కదలిక పుట్టిస్తుంది. బియ్యం సంచి మీదైతే ఉంచినా ఫర్వాలేదు.

6. ఫోకస్. ఇక్కడ తొందర పడొద్దు. లైవ్ వ్యూ (వెనక తెర మీద చూసే పద్ధతి) ఆన్ చేసి, చంద్రుణ్ణి పది రెట్లు పెద్దది చేసి, వెలుగూ నీడా కలిసే గీత మీద పెట్టండి. ఫోకస్ రింగుని నెమ్మదిగా ఒక వైపు తిప్పండి, గుంతలు మసకబారగానే వెనక్కి రండి. అనంతం గుర్తు దగ్గర ఆపేస్తే సరిపోదు, చాలా లెన్సులు దాన్ని దాటి కూడా తిరుగుతాయి. కుదిరాక ఆటోఫోకస్ బటన్ మాన్యువల్‌లోనే ఉందో లేదో చూసుకోండి. టైమర్ నొక్కగానే లెన్స్ మళ్లీ గిర్రున తిరిగి మొత్తం చెడగొట్టిన రాత్రులు నాకు లెక్కలేదు.

7. ఒక ఫోటో తీసి హిస్టోగ్రామ్ (ఫోటోలో నలుపు నుంచి తెలుపు దాకా ఏది ఎంత ఉందో చూపే గ్రాఫ్) చూడండి. ఎడమ గోడకు ఆనుకుని పెద్ద గుట్ట ఉంటుంది, అది ఆకాశం, వదిలేయండి. కుడి వైపున్న చిన్న దిబ్బే చంద్రుడు. ఆ దిబ్బ కుడి గోడకు తగలకుండా, వీలైనంత దగ్గరగా ఉండాలి. తగిలితే టైకో గుంత చుట్టూ ఉన్న తెల్లటి చారలన్నీ ఒకే తెలుపులో కలిసిపోతాయి. మరీ మధ్యలో ఆగిపోతే వెలుగు తక్కువైందన్నమాట, ఎడిట్‌లో పైకి లాగినప్పుడు రవ్వ అక్కడి నుంచే పుడుతుంది. నాయిస్ ఐఎస్ఓ వల్ల వస్తుందని అందరూ అంటారు. అసలు కారణం వెలుగు చాలకపోవడం. ఐఎస్ఓ 100లో చీకటిగా తీసి పైకి లాగినా రవ్వ వస్తుంది.

8. ఇప్పుడు ఒకటితో ఆపకండి. 2 సెకన్ల టైమర్ పెట్టి, వరుసగా కనీసం 16, ఓపికుంటే 40 తీయండి. చంద్రుడు రెండు నిమిషాల్లో తన వెడల్పంత జరుగుతాడు కాబట్టి, జరిగే వైపు ఫ్రేములో కాస్త ఖాళీ వదలండి. మధ్యలో ట్రైపాడ్ ముట్టుకోవద్దు. మిద్దె మీద పిల్లలు పరుగెత్తుతుంటే మాత్రం ఆగాలి. 300 మి.మీ. దగ్గర ఆ అడుగులు ఫోటోలో కనిపిస్తాయి.

దిగేముందు పది రెట్లు పెద్దది చేసి రెండు మూడు ఫోటోలు చూసుకోండి. అన్నీ ఒకే వైపు సాగి ఉంటే ట్రైపాడ్ కదిలింది. ఒక్కోటి ఒక్కోలా వంకరగా ఉంటే గాలి వేడి, గంట ఆగి మళ్లీ తీయండి. అన్నీ ఒకేలా మసకగా ఉంటే ఫోకస్. కిందికి దిగాక ఈ మూడూ తెలిసినా చేసేదేం లేదు.

కంప్యూటర్ దగ్గర: రవ్వ తీయడం

40 ఎందుకు తీయమన్నానంటే, రవ్వ ఒక్కో ఫోటోలో ఒక్కో చోట పడుతుంది. గుంతలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. అన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తే గుంతలు నిలుస్తాయి, రవ్వ చెదిరిపోతుంది. 4 ఫోటోలతో రవ్వ సగానికి, 9తో మూడో వంతుకు, 16తో నాలుగో వంతుకు తగ్గుతుంది. 100 తీసినా పదో వంతే, అంతకు మించి ఆశపడొద్దు. దీన్నే స్టాకింగ్ అంటారు. ఏ స్లైడరూ ఇంత నిజాయితీగా నాయిస్ తీయదు, ఎందుకంటే ఇది దేన్నీ చెరపడం లేదు.

9. రా ఫైళ్లను ఏ మార్పూ లేకుండా, షార్పెనింగ్, నాయిస్ రిడక్షన్ రెండూ సున్నా చేసి, 16 బిట్ టిఫ్ ఫైళ్లుగా మార్చండి. డార్క్‌టేబుల్, రా థెరపీ రెండూ ఉచితమే. అన్నిటికీ ఒకే సెట్టింగు ఉండాలి.

10. విండోస్ ఉన్నవాళ్లు పిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చంద్రుణ్ణి అన్ని ఫోటోల్లోనూ మధ్యకు తెచ్చి, చుట్టూ ఉన్న నలుపు కత్తిరించండి. తర్వాత పేర్చే పని చేసే ఆటోస్టాకర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. బిళ్ళ మొత్తం ఫ్రేములో ఉంటే 'ప్లానెట్', కొంత భాగమే ఉంటే 'సర్ఫేస్' ఎంచుకోండి. అనలైజ్ నొక్కితే ఏది పదును, ఏది మొద్దు అని అదే వరుస కడుతుంది. మంచివి సగం తీసుకోమని చెప్పండి. గాలి బాగా వణికిన రాత్రైతే పాతిక శాతమే తీసుకోండి. మ్యాక్, లినక్స్ ఉన్నవాళ్లకు సిరిల్ ఉంది.

ఫోటోషాప్ ఉంటే ఇంకో దారి. పది పన్నెండు మంచి ఫోటోల్ని లేయర్లుగా తెరిచి, ఆటో అలైన్ చేసి, అన్నిటినీ కలిపి స్మార్ట్ ఆబ్జెక్ట్ చేసి, స్టాక్ మోడ్‌లో 'మీడియన్' ఎంచుకోండి.

ఏదీ లేదు, గింప్ ఒక్కటే ఉంది అంటే చేత్తో కూడా చేయొచ్చు. నాలుగు ఫోటోలు నాలుగు లేయర్లుగా పెట్టండి. పై లేయర్ని 'డిఫరెన్స్' మోడ్‌లో పెట్టి, బాణం కీలతో జరుపుతూ పోతే సరిగ్గా కుదిరిన చోట చంద్రుడు దాదాపు మాయమవుతాడు. అప్పుడు మోడ్ మళ్లీ 'నార్మల్' చేయండి. ఇలాగే అన్నీ. ఇక ఒపాసిటీ కింది నుంచి పైకి 100, 50, 33, 25. అన్నీ 50 పెడితే సగటు రాదు, పై ఫోటోయే సగం ఆక్రమిస్తుంది. ఇక్కడ చాలామంది తప్పుతారు.

11. పేర్చిన ఫోటో మొదట మసకగా, మెత్తగా కనిపిస్తుంది. "ఇంత కష్టపడితే ఇదా" అని డిలీట్ చేసేయకండి. రవ్వ లేదు కాబట్టి ఇప్పుడు పదును పెట్టడానికి చోటుంది. రెజిస్టాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేవ్‌లెట్లు (పదును పెట్టే స్లైడర్లు) వాడండి. మొదటి రెండు లేయర్లను కొద్దికొద్దిగా జరుపుతూ గుంతల అంచులు తేలగానే ఆగండి. లైట్‌రూమ్‌లో అయితే షార్పెనింగ్ కింద మాస్కింగ్ స్లైడర్ని ఆల్ట్ కీ పట్టుకుని జరపండి. తెల్లగా కనిపించిన చోటే పదును పడుతుంది, గుంతల అంచులే తెల్లగా ఉండేలా చూసుకోండి.

12. ఒక్క ఫోటోయే ఉందా? అప్పుడు స్లైడర్లు తప్పవు. వరుస ఇది: ముందు నాయిస్ తీయడం, తర్వాతే పదును. తిరగేస్తే రవ్వకే పదును పెట్టినట్టు. కలర్ నాయిస్ 25 దగ్గర మొదలుపెట్టండి, ఆకుపచ్చ, ఊదా చుక్కలు పోతాయి. దీని వల్ల పెద్దగా నష్టం లేదు. లూమినెన్స్ (రంగు లేని రవ్వను తీసే స్లైడర్) మాత్రం 10, 15, 20 అని మెట్లు మెట్లుగా పెంచుతూ చంద్రుడి మీద నల్లటి మచ్చల్లా కనిపించే మైదానాల మీద కళ్లు పెట్టండి. రవ్వ ముందు కనిపించేది ఆ మైదానాల్లోనే. కొంచెం రవ్వ మిగిలి ఉండగానే ఆపాలి. పూర్తిగా పోయేదాకా లాగితే చంద్రుడు మైనం ముద్దలా తయారవుతాడు.

13. ఆకాశం నలుపులో ఉన్న రవ్వకు నాయిస్ రిడక్షన్ దండగ. కర్వ్స్‌లో ఎడమ చివర బిందువుని కొంచెం కుడికి జరిపితే ఆ రవ్వంతా నలుపులో మునిగిపోతుంది. సగం చంద్రుడైతే నెమ్మదిగా జరపండి, వెలుగు గీత పక్కనున్న సన్నటి నీడలు కూడా దాంతోపాటే మునిగిపోతాయి.

ఏఐ డీనాయిస్ వాడొచ్చా అని అడుగుతారు. వాడొచ్చు, రా ఫైలు మీద, సగం బలంతో. కానీ అది ఒక్కోసారి లేని గుంతల్ని పుట్టిస్తుంది. పరీక్ష సులువు. ఒకే రాత్రి తీసిన ఇంకో రెండు ఫోటోలకు కూడా అదే సెట్టింగు వేసి చూడండి. ఒకదాంట్లో ఉన్న చిన్న గుంత మిగతా రెంటిలో లేకపోతే అది చంద్రుడి మీది గుంత కాదు, సాఫ్ట్‌వేర్ తవ్వింది.

అయిందో లేదో చూసుకోవడం

100 శాతం సైజులో చూడండి, 300లో కాదు. 300లో ఎవరి ఫోటో అయినా గళ్లగళ్లుగానే ఉంటుంది. చంద్రుడి అంచు చుట్టూ సన్నటి తెల్ల గీత వచ్చిందా? షార్పెనింగ్ ఎక్కువైంది, సగానికి తగ్గించండి. కోపర్నికస్ గుంత లోపల మధ్యలో చిన్న దిబ్బలు కనిపిస్తున్నాయా? 300 మి.మీ. లెన్స్‌కి అది మంచి మార్కు, కనిపించకపోయినా బాధ లేదు. నల్ల మైదానాల్లో చిన్న చిన్న మార్పులు, లేత ముదురు మచ్చలు నిలిచాయా, ఒకే రంగు పూసినట్టుందా? ఒకే రంగుంటే నాయిస్ తీయడం ఎక్కువైంది. చివరిగా రాత్రి ఎడిట్ చేసింది పొద్దున లేచి ఒకసారి చూడండి. రాత్రి కళ్లకు బాగున్న కాంట్రాస్టు పగటికి మాడిపోయినట్టుంటుంది.

ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లకు

ప్రో మోడ్ తెరిచి, టెలి లెన్స్ ఎంచుకుని, ఐఎస్ఓ 50, షట్టర్ 1/500 దగ్గర మొదలుపెట్టండి. ఇంకా తెల్లగా ఉంటే 1/1000. ఫోకస్ చేత్తో కొండ బొమ్మ గుర్తు దగ్గరికి జరపండి. నైట్ మోడ్ వద్దు, అది చీకటిని వెలుగు చేయడానికి పుట్టింది, చంద్రుణ్ణి ఇడ్లీ చేస్తుంది. డిజిటల్ జూమ్‌తో లాగడం కన్నా తర్వాత కత్తిరించుకోవడం మేలు. కొన్ని ఫోన్లు చంద్రుణ్ణి గుర్తుపట్టి వివరాలు తామే నింపుతాయి. ఆటో మోడ్‌లో మరీ అద్భుతంగా వస్తే అందులో మీ వాటా ఎంతో ప్రో మోడ్‌లో తీసి పోల్చుకోండి. ఎవరిదైనా బైనాక్యులర్ దొరికితే ట్రైపాడ్‌కి కట్టి, దాని కంటి గాజుకు ఫోన్ కెమెరా ఆనించి తీయండి. రెండు వేళ్లతో ఫోన్ పట్టుకోవడానికి పది నిమిషాలు సాధన కావాలి కానీ, టెలి లెన్స్ లేని ఫోన్‌తో కూడా గుంతలు వస్తాయి.

గోపురం పక్కన పెద్ద చందమామ

ఇది కూడా అడుగుతున్నారు కాబట్టి రెండు ముక్కలు. చంద్రుడు పెద్దగా కనిపించాలంటే గోపురానికి దూరంగా పోవాలి. పది మీటర్ల వెడల్పున్న కట్టడమంత చంద్రుడు కావాలంటే 110 రెట్లు, అంటే 1,100 మీటర్ల దూరం. గోపురానికి పడమటి వైపు ఏదైనా ఎత్తైన మిద్దె వెతుక్కోండి, చంద్రుడు తూర్పున లేస్తాడు. పౌర్ణమి కాదు, ముందు రోజు చతుర్దశి సాయంత్రం ఎంచుకోండి. అప్పుడు చంద్రుడు పొద్దు గూకకముందే లేస్తాడు, ఆకాశంలో ఇంకా వెలుగుంటుంది, గోపురమూ చంద్రుడూ ఒకే షట్టర్‌లో వస్తాయి. ఐఎస్ఓ పెంచాల్సిన పని ఉండదు, రవ్వా ఉండదు. పౌర్ణమికి చీకటి పడ్డాక తీస్తే గోపురం కోసం చంద్రుణ్ణి కాల్చాలి, లేదా చంద్రుడి కోసం గోపురాన్ని నల్లగా వదిలి తర్వాత రవ్వతో కొట్లాడాలి.

తిరుమలలో ఆలయం లోపలికి కెమెరా, ఫోన్ రెండూ తీసుకెళ్లనివ్వరు, కాబట్టి అక్కడి గోపురం లెక్కలు వేసుకోకండి. చంద్రగిరి కోటను కూడా సాయంత్రానికే మూసేస్తారు. బయట రోడ్డు వైపు నుంచి కొండ వరుస బాగా కనిపిస్తుంది. ట్రైపాడ్ పెట్టే ముందు అక్కడి దుకాణం వాళ్లకు ఒక మాట చెప్పండి, లేకపోతే సర్వే వాళ్లనుకుని పది మంది చుట్టూ చేరతారు, నేల అదురుతుంది.